రెఫరీ చెవిలో మాట

సుల్తాన్ బజార్‌లో బట్టల కొట్ల పైన ఫ్రెండ్ రూమ్. కింద బేరాల గోల, పైన లాప్‌టాప్‌లో 'కిల్ ద రెఫరీ'. 2008 యూరో కప్ రెఫరీల మీద ఈవ్ ఇనాన్ 2009లో తీసిన బెల్జియం డాక్యుమెంటరీ. మైదానంలో రెఫరీలు మైకుల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకునేది మనకీ వినిపిస్తుంది.

ఇంగ్లండ్ రెఫరీ హోవర్డ్ వెబ్ ఒకప్పుడు పోలీసు సార్జెంట్. ఆస్ట్రియా మీద పోలెండ్ కొట్టిన గోల్ ఆఫ్‌సైడ్. లైన్స్‌మన్ జెండా ఎత్తలేదు, గోల్ నిలిచింది. 93వ నిమిషంలో చొక్కా పట్టి లాగారని వెబ్ ఆస్ట్రియాకి పెనాల్టీ ఇచ్చాడు. రూల్ ప్రకారం కరెక్టే. మ్యాచ్ 1-1. తిట్లు పడ్డది ఈ కరెక్టుకే! పోలెండ్ ప్రధాని టస్క్ కూడా చంపాలనిపించిందన్నాడు.

విజిల్ వెనక ఇంత తడబాటు ఉంటుందని ఈ సినిమా చూశాకే తెలిసింది. దాని బలం అదే. కానీ కెమెరా రెఫరీల పక్కనే అంటుకుపోవడంతో పోలెండ్ వాళ్ల కడుపుమంట మనకి ఉత్త గోలలా వినిపిస్తుంది. అది నాకు నచ్చలేదు.

అయిపోయాక 2010 ప్రపంచకప్ ఫైనల్ క్లిప్ పెట్టాం. అలొన్సో ఛాతీ మీద డి యాంగ్ తన్నాడు. వెబ్ చూపించింది పసుపు కార్డే. ఎర్రకార్డు ఇవ్వాల్సిందని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఈ క్లిప్‌లో మైకు మాటలు లేవు. అందరం మళ్ళీ తిట్టాం.