మంట పాఠంలో చోటు దొరకని అపాయాలు

ఏటా ఏప్రిల్ 14వ తేదీ నుండి 20వ తేదీ వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో ఆ 14వ తేదీననే బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయి, మంట ఆర్పబోయిన దళంవారు 66 మంది ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకార్థం ఏర్పడిన వారం అది. ఆ రోజుల్లో దళంవారు పాఠశాలలకు పోయి ప్రదర్శనలిస్తారు. ఆవరణ మధ్య ఒక రేకుతొట్టిలో కాస్త పెట్రోలు మండుతూ ఉంటుంది. జవాను ఎర్రని సిలిండరు పట్టుకొని ముందుకు వస్తాడు. తెల్లని పొడి బుస్సుమని చిమ్ముతుంది, అర నిమిషంలో మంట మాయమవుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. తరువాత తరగతిలో సైన్సు ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ఒక త్రిభుజం గీస్తాడు. ఇంధనం, వేడిమి, ప్రాణవాయువు: ఈ మూడింటిలో ఏ ఒక్కటి తొలగించినా మంట ఆరిపోతుందని చెప్పి పాఠం ముగిస్తాడు.

ఈ పాఠంలో అబద్ధమేమీ లేదు. లోపమంతా అది ఆగిపోయే చోట ఉన్నది. మంటే శత్రువు, అది ఆరితే అపాయం తీరినట్లే అన్న అభిప్రాయం విద్యార్థి మనసులో స్థిరపడిపోతుంది. కర్నూలు, కడప ప్రాంతాలలో ఫైరింజనుకు వచ్చే కబుర్లు ఎటువంటివో ఆలోచించి చూస్తే, ఈ అభిప్రాయం ఎంత చాలనిదో తెలుస్తుంది. గడ్డివామి అంటుకున్నది. వేరుశనగ కట్టె ఎత్తుగా వేసుకొని పోతున్న ట్రాక్టరు కరెంటు తీగకు తగిలింది. వంటింట్లో గ్యాసు కారుతున్నది. ఎద్దు బావిలో పడ్డది. పూడిక తీయడానికి దిగిన మనిషి పలకడం లేదు. కడపటి మూడింటిలో మంట అన్నదే లేదు. ఉన్న చోట కూడా దళంవారి ప్రాణానికి ముప్పు తెచ్చేది చాలాసార్లు కంటికి కనిపించే మంట కాదు.

బావి సంగతి కొంత వివరంగా చూడవలసి ఉన్నది. రాయలసీమలో ఒకప్పుడు కపిల తోలిన లోతైన బావులు, బోర్లు వచ్చిన తరువాత పాడుపడినవి ఎన్నో ఉన్నాయి. అడుగున ఆకూ అలమూ కుళ్ళుతుంది, గాలి కదలదు. ఎండాకాలంలో ఎవరో ఒకరు దిగుతారు, కింద కూలబడతారు. ఆయనను తీయడానికి తమ్ముడు దిగుతాడు, తమ్ముని వెనుక పొరుగింటివాడు దిగుతాడు. మరునాటి పత్రికలో ‘ఊపిరాడక మృతి’ అని రెండు మాటలు పడతాయి. ఏ వాయువు, ఎంత పాలు, ఎందుకు అన్న ప్రశ్న ఆ రెండు మాటల కింద పూడిపోతుంది. ఇట్లా మూసుకున్న చోట్ల చనిపోయినవారిలో నూటికి 60 మందికి పైగా రక్షించడానికి దిగినవారేనని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1986లో హెచ్చరించింది. మన పల్లెల అనుభవమూ దీనికి దూరమైనది కాదు.

దీనికి బడిలో చెప్పే మందు ఒకటి ఉన్నది: బావిలోకి దిగేముందు దీపం దించి చూడవలె, ఆరిపోతే దిగరాదు. చాలా పాత సూత్రం, సగం నిజమైన సూత్రం. ఆరిపోతే దిగరాదన్నది నిజం. ఆరకపోతే దిగవచ్చునని అందరూ తీసే అర్థమే ప్రాణం మీదికి తెస్తుంది.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. బావి అడుగున నూటికి 10 పాళ్ళు బొగ్గుపులుసు వాయువు చేరింది అనుకుందాం. మిగిలిన 90 పాళ్ళు మామూలు గాలి. మామూలు గాలిలో ప్రాణవాయువు 21 పాళ్ళు గనుక, ఇక్కడ సుమారు 19 పాళ్ళు మిగులుతుంది. ఉత్త ప్రాణవాయువు తగ్గడం వల్లనే దీపం ఆరవలెనంటే అది 16, 17 పాళ్ళకు పడిపోవలె. అందుచేత ఈ బావిలో దీపం కాస్త మసకబారినా వెలుగుతూనే ఉంటుంది. మనిషి మాట వేరు. నూటికి 4 పాళ్ళ బొగ్గుపులుసు వాయువునే ప్రాణాపాయకరమైన మోతాదుగా పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు లెక్కిస్తారు. 10 పాళ్ళలో కొద్ది నిమిషాలకే స్పృహ తప్పుతుంది. దీపం వెలుగుతున్నది, దిగినవాడు పడిపోయాడు.

హైడ్రోజన్ సల్ఫైడు సంగతి ఇంకా విషమం. మురుగు బావులలోను, మరుగుదొడ్ల తొట్లలోను పుట్టే ఈ వాయువుకు కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఉంటుందని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. లక్ష పాళ్ళ గాలిలో 10 పాళ్ళు చేరేసరికే అది అపాయకరం. ఆ మోతాదు దాటుతూనే వాసన పట్టే నరాలను మొద్దుబారుస్తుంది. దిగినవాడు వాసన పోయిందని ధైర్యపడే వేళకు వాయువు పెరిగి ఉంటుంది. ఇంత కొద్దిపాటి వాయువు దీపాన్ని ఏమీ చేయలేదు. నీళ్ళు తోడడానికి బావిలోకి దించిన ఆయిలింజను వదిలే కార్బన్ మోనాక్సైడుకైతే వాసనే లేదు. అడుగున మండే వాయువు ఉంటే దీపమే నిప్పంటిస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. బ్రిటనులో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు గని ప్రమాదాల మరణాలను పరిశోధించి 1896లో నివేదిక ఇచ్చాడు. పేలుళ్ళ తరువాత గనులలో చనిపోయినవారిలో చాలామందిని చంపినది కార్బన్ మోనాక్సైడని తేల్చి, దాన్ని పసిగట్టడానికి దీపాన్ని నమ్మక చిన్న ప్రాణులను తీసుకుపొమ్మన్నాడు. గని పక్షుల కథ అక్కడ మొదలైంది. నేడు దళంవారి చేతికి కావలసినది ప్రాణవాయువు, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు అనే నాలుగింటినీ కొలిచే చిన్న యంత్రం. వీపున గాలిసిలిండరు, ముఖానికి మాస్కు, నడుముకు తాడు, ఆ తాడు పట్టుకొని పైన నిలిచే ఇద్దరు మనుషులూ ఉండవలె. చెట్టుకొమ్మ కట్టి పైకీ కిందికీ ఆడించడం, నీళ్ళు చిమ్మడం అనే పల్లె పద్ధతులు గాలిని కొంత కదిలిస్తాయి, మంచిదే. ఎంత కదిలిందో మాత్రం చెప్పవు. గట్టుమీద చేరిన జనం ‘ఇంకా నిలబడి చూస్తారేమి?’ అని కేకలు వేస్తుంటే మాస్కు తొడుక్కోవడానికి రెండు నిమిషాలు ఆగడం కూడా ధైర్యమేనని ఆ జనానికి ఎవరూ చెప్పి ఉండరు. ఆ కేకలు వేసేవారిలో చాలామంది మన బడులలో దహనం పాఠం చదివినవారే.

బావి అడుగున బొగ్గుపులుసు వాయువు నిలవడానికి కారణమైన అంకెలే వంటింట్లోనూ పనిచేస్తాయి. గాలి సగటు అణుభారం 29, బొగ్గుపులుసు వాయువుకు 44. వంటగ్యాసులోని ప్రొపేనుకు 44, బ్యూటేనుకు 58. అందుచేత కారిన గ్యాసు నేలబారున పరుచుకుంటుంది. ఇంటి బండలోని 14.2 కిలోల ద్రవం వాయువుగా మారితే సుమారు 7 ఘనమీటర్లు అవుతుంది. గాలిలో 2 పాళ్ళు చేరితే చాలు, నిప్పు తగలగానే పేలుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న వంటగదికి కిలో పైచిలుకు గ్యాసు సరిపోతుంది. చీకట్లో లోపలికి పోయినవాడు అలవాటుగా దీపం మీట వేస్తే, ఆ మీటలో పుట్టే నిప్పురవ్వే చాలును. పది పాళ్ళు దాటితే ప్రాణవాయువు చాలక గ్యాసు అంటుకోదు. అది ఊరట అనుకోరాదు. తలుపు తెరిచి గాలి విడిచిన క్షణాన మిశ్రమం మళ్ళీ పేలే హద్దులోకి దిగుతుంది, ఆ తలుపు తెరిచేవాడు అగ్నిమాపకుడే.

త్రిభుజం పాఠం తప్పుదారి పట్టించే తావు మరొకటి ఇక్కడే ఉన్నది. బండ మూతిదగ్గర మంట మండుతుంటే ముందుగా మంట ఆర్పవలెనని బుద్ధిమంతుడైన విద్యార్థి చెబుతాడు. అనుభవజ్ఞుడైన జవాను వీలైతే మొదట వాల్వు కట్టేస్తాడు. వీలుకాకపోతే మంటను మండనిచ్చి, బండమీద దూరంనుంచి నీరు చిమ్మి చల్లబరుస్తాడు. గ్యాసు ఆగకుండా మంట మాత్రం ఆరితే, మండవలసిన గ్యాసు గదినిండా చేరుతుంది.

ఆదోని ప్రత్తికి పేరుపొందిన ఊరు. ఒత్తి కట్టిన 170 కిలోల దూది బేళ్ళు వరుసలు పేర్చి ఉండగా లోపల నిప్పు రగిలితే అది మంటగా పైకి రాదు. పోగుల మధ్య చిక్కుకున్న గాలితోనే లోలోపల కుములుతుంది, కార్బన్ మోనాక్సైడు వదులుతుంది. పైన పోసిన నీరు పైపొరను తడిపి జారిపోతుంది. తడిసిన కింది బేళ్ళు బరువెక్కి, కాలిన పక్క కుంగి, దొంతర మొత్తం మనిషి మీదికి ఒరుగుతుంది. గడ్డివామి పైకెక్కినవాడు లోపల కాలి డొల్లయిన చోట కాలుపెట్టి కూరుకుపోయే ప్రమాదమూ ఇటువంటిదే. బొంబాయి ఓడలో మొదట అంటుకున్నది దూది బేళ్ళే. దళంవారు మధ్యాహ్నమంతా నీరు పోసినా నిప్పు అంతు చిక్కలేదు. అదే ఓడలో పేలుడు సామాగ్రి కూడా ఉన్నది. వారోత్సవంలో 66 అనే అంకె చెబుతారు గాని, దాని వెనుకనున్న దూది సంగతి చెప్పేవారు అరుదు.

కర్నూలు, కడప పల్లెల మట్టిమిద్దెలూ ఈ పాఠానికి అందనివే. ఇరవై చదరపు మీటర్ల మిద్దె మీద రెండు సెంటీమీటర్ల మందాన నీరు ఇంకితే 400 కిలోల అదనపు బరువు. కింద దూలాలు అప్పటికే కాలుతూ ఉంటాయి. మంటను ఆర్పే నీరే కప్పును కూలుస్తుంది. నాపబండలు పరిచిన కప్పయితే, కాగిన రాతిమీద చన్నీళ్ళు పడి బండ పగలవచ్చు.

ట్రాక్టరు, కరెంటు తీగల విషయంలో పాఠం కొంత నయం. నీరు విద్యుద్వాహకమని చెబుతుంది. ఈ సీమ బోరునీటిలో లవణాలు ఎక్కువ గనుక ఆ నీరు మరింత బాగా ప్రవహింపజేస్తుందన్న మాట చేరిస్తే బాగుంటుంది. 11,000 వోల్టుల తీగ తెగి నేలమీద పడితే చుట్టూ నేలలో కూడా వోల్టేజి మెట్లుమెట్లుగా తగ్గుతూ పోతుంది. అంగలు వేసి నడిస్తే రెండు పాదాలకు నడుమనున్న తేడా చాలు, ఒంట్లో కరెంటు పారడానికి.

2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతున్న బస్సు ఒక మోటారుసైకిలును ఢీకొని కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అటువంటి బస్సులో మండేది డీసెలు ఒక్కటే అనుకుంటే పొరపాటు. పరుపులలోని నురుగు రబ్బరు కాలితే హైడ్రోజన్ సైనైడు, తీగల తొడుగులు కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు పుడతాయి. ఫోన్లలో, విద్యుత్ బండ్లలో ఉండే లిథియం బాటరీ కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడు వస్తుంది. బయటి గాలిని అడ్డుకున్నంత మాత్రాన బాటరీలో మొదలైన రసాయన చర్య ఆగదు. ఆరిందనుకున్న బాటరీ కొన్ని గంటల తరువాత మళ్ళీ రాజుకోవచ్చు. నల్లబల్లమీది త్రిభుజంలో ఒక భుజం ఇక్కడ విరిగిపోయింది. ఈ పొగలను ఏళ్ళ తరబడి పీల్చిన ఫలితమూ ఉన్నది: అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపకుని వృత్తినే కాన్సరు కలిగించేవాటి మొదటి తరగతిలో చేర్చింది.

చివరకు మనిషి దేహం. మే నెలలో కర్నూలులో నీడపట్టునే 40 డిగ్రీలు దాటుతుంది. చెమట ఆరడమే శరీరానికున్న చల్లబరిచే సాధనం. మంటనుంచి కాపాడే మందపాటి కోటు ఆ చెమటను ఆరనీయదు. అమెరికాలో 1994 నుంచి 2004 వరకు విధి నిర్వహణలో చనిపోయిన అగ్నిమాపకుల మరణాలలో నూటికి 39 గుండెజబ్బు వల్లనేనని 2007లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. మనం ఊహించుకునే వీరమరణం చిత్రంలో గుండెపోటుకు చోటు లేదు.

పాఠ్యప్రణాళికను సమర్థించేవారు ఒక మాట అనవచ్చు. దహనం పాఠం రసాయన శాస్త్రం నేర్పడానికి, అగ్నిమాపకులను తయారుచేయడానికి కాదు. పిల్లలను భయపెట్టి ప్రయోజనమేమి? ఈ మాటలో కొంత బలం ఉన్నది. పైన చెప్పినదంతా పాఠంలో చేర్చమంటే పాఠం పుస్తకమవుతుంది. కాని బావి లెక్కకు కావలసినది రసాయన శాస్త్రమే: అణుభారం, శాతం, సాంద్రత. వంటగది లెక్కకు కావలసినదీ అదే. భయం కలిగేది తెలియనిదాని వల్ల. తెలిసినవాడు గట్టుమీద నిలిచి 101కు కబురు చేస్తాడు, తమ్ముణ్ణి దిగనీయడు.

ఇది చూపడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. రెండు వెడల్పు మూతి సీసాలు, వంటసోడా, నిమ్మరసం, రెండు మైనపు వత్తులు చాలు. వాయువును నీటిని తొలగించి పట్టే పద్ధతిలో మొదటి సీసాలో పదోవంతు, రెండో సీసాలో నాలుగోవంతు బొగ్గుపులుసు వాయువు, తక్కినది గాలి పట్టి మూత పెట్టవలె. కొంత వాయువు నీటిలో కరుగుతుంది గనుక కాస్త ఎక్కువగానే పట్టడం మేలు. తీగకు గుచ్చిన వత్తి వెలిగించి రెండో సీసాలోకి దింపితే వెంటనే ఆరుతుంది. ఇది అందరికీ తెలిసిన ప్రయోగం, పిల్లలు ఎదురుచూసే ఫలితం. ఇప్పుడు రెండో వత్తిని మొదటి సీసాలోకి దింపవలె. అందులోని గాలిలో మనిషి నిలవలేడని నల్లబల్లమీద లెక్క అప్పటికే వేసి ఉంచవలె. వత్తి కొద్దిగా మసకబారి, కొన్ని క్షణాలపాటు వెలుగుతూనే ఉంటుంది.