పాత మారుతి 800 ప్రశస్తి

1983 డిసెంబరులో గుర్‌గాఁవ్ కర్మాగారమునుండి తొలుత వెలువడి, 2014 వరకు నిర్మింపఁబడిన మారుతి 800 బండిని నేఁటికిని ప్రాణప్రదముగా కాపాడుకొనుచు, దాని స్వల్పదేహమునకు నూతనబలమును సమకూర్చు మెకానిక్కుల నేర్పు నాకు మిక్కిలి శ్లాఘ్యముగాఁ దోఁచును. మూఁడు సిలిండర్లు, 796 ఘనసెంటీమీటర్ల ఇంజను, అంతే. దానిని విప్పి, పిస్టన్ రింగులు మార్చి, కార్బురేటరు జెట్లను శుభ్రపఱచి, స్క్రూను మెల్లగాఁ ద్రిప్పుచు, శబ్దమును విని పెట్రోలు పాలును గాలి పాలును సరిచేయు పనివాని శ్రద్ధ యే గాయకుని శ్రుతిజ్ఞానమునకును తీసిపోదు. కొందఱు వేగమునకై జెన్ కారు ఇంజనును ఈ బండిలో అమర్చెదరు. కాని ప్రభుత్వానుమతి పొందక, బ్రేకులను తదనుగుణముగా బలపఱుపక, వేగమునే కోరుట కళ కాదు. తుప్పుపట్టిన అడుగురేకును కోసి, క్రొత్తరేకును అతుకు తెలియకుండ వెల్డింగు చేయుటయే నా దృష్టిలో సర్వోత్తమమైన మార్పు. మీ యింట పాతబండి యున్నచో, తుక్కునకు అమ్మకముందు అట్టి పనివానికి ఒక్కసారి చూపింపుఁడు.