మిల్లు బండల కొండదారి

ఉత్తర ఇంగ్లండ్‌లో పెనైన్ కొండల మీదుగా సాగే కాలిబాట పేరు పెనైన్ వే. డెర్బీషైర్‌లోని ఈడేల్ ఊళ్లో మొదలవుతుంది. పీక్ డిస్ట్రిక్ట్, యార్క్‌షైర్ డేల్స్, నార్తంబర్లాండ్ జాతీయ ఉద్యానాలు దాటి, స్కాట్లండ్ సరిహద్దుకు కాస్త అవతల కిర్క్ యెట్టమ్‌లో ముగుస్తుంది. మొత్తం 431 కిలోమీటర్లు. ఈ దారి అందాల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది దాని మీద పరిచిన బండల గురించి. అంత గొప్ప పనితనం అక్కడ మన కాళ్ల కిందే ఉండిపోయింది.

ఈ దారి ఊరికే రాలేదు. అమెరికాలోని అప్పలాచియన్ ట్రెయిల్ లాంటిది తమ దేశానికీ కావాలని 1935లో టామ్ స్టీఫెన్‌సన్ అనే పాత్రికేయుడు డైలీ హెరాల్డ్‌లో రాశాడు. ఆ కొండల్లో చాలా భాగం అప్పట్లో పెద్ద భూస్వాముల వేట భూములు. మామూలు మనుషులకు అక్కడ ప్రవేశం లేదు. దీన్ని ధిక్కరిస్తూ 1932 ఏప్రిల్ 24న వందలమంది కిండర్ స్కౌట్ కొండెక్కారు. వాళ్లలో ఎక్కువమంది మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మికులు. కొందరు జైలుకూ వెళ్లారు. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. 1965 ఏప్రిల్ 24న పెనైన్ వే తెరుచుకుంది.

జనం కోరి తెచ్చుకున్న దారి జనం అడుగుల కిందే పాడైంది. దక్షిణ పెనైన్ కొండల నెత్తిన ఉండేది పీట్ నేల. స్ఫాగ్నమ్ అనే నాచు, గడ్డి నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా పొర మీద పొరగా వేల ఏళ్లు పేరుకుంటే ఆ నల్లటి మెత్తటి నేల తయారవుతుంది. కొన్నిచోట్ల మీటర్ల లోతున ఉంటుంది. పైనున్న పచ్చిక తెగిందా, అది బురదే. బురదను తప్పించుకోబోయి నడిచేవాళ్లు పక్కకు జరిగేవారు, అక్కడా బురదయ్యేది. అలా దారి పదుల మీటర్ల వెడల్పున నల్లటి పుండై పరుచుకుంది. 582 మీటర్ల ఎత్తున్న బ్లాక్ హిల్ మీద, కొండదారుల గైడ్‌పుస్తకాలతో పేరుమోసిన ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ అంతటివాడు ఆ బురదలో కూరుకుపోతే పక్కవాళ్లు బయటికి లాగాల్సి వచ్చింది.

రకరకాల ఉపాయాలు చేసి చూశాక పరిష్కారం రాతి దగ్గర తేలింది. అప్పటికి లాంకషైర్ నూలు మిల్లులు ఒక్కటొక్కటే మూతపడి, కూల్చివేతకు వస్తున్నాయి. వాటి నేలల్లో పరిచినవి ఆ ప్రాంతపు ఇసుకరాతి బండలే. గట్టివి, వెడల్పైనవి. పైగా ఆ కొండల జాతి రాయే. ఆమ్లగుణమున్న పీట్ నేలకు సున్నపురాయి తెచ్చి వేస్తే నేల స్వభావం మారిపోతుంది, మొక్కలూ మారిపోతాయి. ఇసుకరాయితో ఆ బాధ లేదు. బండ్లు ఎక్కలేని చోటుకి బండల్ని హెలికాప్టర్లతో మోసి కొండ మీద దించారు.

పరచడంలోనే అసలు నేర్పు ఉంది. పునాది తవ్వరు. కాంక్రీటు పోయరు. నేలను వీలైనంత కదపకుండా దాని మీదే బండను ఆనిస్తారు. దమ్ము చేసిన మడిలో మోకాలి దాకా దిగబడే మనిషి చెక్కపలక మీద నిలబడితే దిగబడడు కదా, ఇదీ అంతే. బరువు వెడల్పుగా పంచుకుపోయి బండ పీట్ మీద తేలినట్టు నిలుస్తుంది. గడ్డపారలతో కదిపి, ఒక బండ అంచు పక్కదానికి ఆనేలా, అడుగు వేస్తే ఊగకుండా కూర్చోబెడతారు. కొన్ని బండల్లో ఇప్పటికీ గుండ్రటి రంధ్రాలు కనిపిస్తాయి. ఒకప్పుడు మిల్లు యంత్రాలను నేలకు బిగించిన బోల్టుల గుర్తులవి.

వాలు మీద ఈ పద్ధతి పనికిరాదు, బండ జారిపోతుంది. ఈడేల్‌కు పైన జేకబ్స్ లేడర్ అనే ఏటవాలు ఎక్కుడు దగ్గర చూడాలి. అలాంటి చోట రాళ్లను పడుకోబెట్టరు, నిలువుగా పాతుతారు. రాయిలో ఎక్కువ భాగం భూమిలోనే ఉంటుంది, కాలు మోపేంత ముఖమే పైకి కనిపిస్తుంది. పని కింది నుంచి పైకి సాగుతుంది. పై రాయి బరువు కింది రాయి మీద పడి, అన్నీ ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. సందుల్లో చిన్న రాళ్లు దిగ్గొడతారు. వాననీరు దారినే కాలువ చేసుకోకుండా అక్కడక్కడా అడ్డంగా రాతికాలువ కట్టి నీటిని పక్కకు మళ్లిస్తారు. అడుగు ఎక్కడ పడుతుందో, నీరు ఎటు పోతుందో రెండూ తెలిసినవాడే ఈ పని చేయగలడు.

ఈ బండలు నన్ను కదిలించడానికి మరో కారణం ఉంది. ఆ మిల్లుల చిమ్నీలు వదిలిన గంధకపు పొగే ఈ కొండల మీది స్ఫాగ్నమ్ నాచును చంపేసింది. ఆ మిల్లుల గుడ్డే మన సంతల్లోకి దిగి మన చేనేత మగ్గాలను మూలపడేసింది. విదేశీ బట్ట బహిష్కరణతో పనులు పోయిన కార్మికులను కలవడానికి గాంధీజీ 1931లో లాంకషైర్‌లోని డార్వెన్‌కు వెళ్లారు. కొండకూ మగ్గానికీ చేటు తెచ్చిన ఆ మిల్లుల నేల బండలే ఇవాళ కొండను కాస్తున్నాయి. నడక బండ మీదికి చేరాక రెండు పక్కలా నేలకు ఊపిరి ఆడింది. పీట్‌లో పడిన గండ్లకు చిన్న అడ్డుకట్టలు వేసి, గడ్డి విత్తి, నాచు నాటేవాళ్లు తోడయ్యారు. పేరుకు తగ్గట్టు నల్లగా ఉండే బ్లాక్ హిల్ ఇప్పుడు చాలావరకు పచ్చబడింది.

బండలు పరిస్తే అడవితనం పోతుందని బాధపడేవాళ్లున్నారు. వాళ్ల ప్రేమ నిజమే. కానీ రెండడుగుల రాతిదారికి ఒప్పుకోకపోతే కొండంతా బురదకు అప్పజెప్పాల్సి వస్తుంది. మాంచెస్టర్, షెఫీల్డ్‌లలో స్థిరపడిన మనవాళ్లకు ఈడేల్ ఒక చిన్న రైలు ప్రయాణమంత దూరంలోనే ఉంది. జేకబ్స్ లేడర్ ఎక్కిరావడానికి ఒక్క రోజు చాలు. ఎక్కేటప్పుడు చుట్టూ చూసినంత శ్రద్ధగా కాళ్ల కిందకీ చూడండి. జనాన్ని ఆపకుండానే కొండను కాపాడిన పని అది. ఏటా వేల పాదాలు తొక్కే మన కొండదారులకు కూడా అలాంటి పనివాళ్లు కావాలి.