ఒకే రాజు, రెండు చికిత్సలు

క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన రెండో రామ్సెస్ పురావస్తు శాస్త్రవేత్తలకు రెండు పెద్ద పనులు మిగిల్చాడు. ఒకటి కొండను తొలిపించి కట్టిన అబూ సింబెల్ గుడి, రెండోది తన శవం.

ఆస్వాన్ ఆనకట్ట వల్ల గుడి మునిగిపోయే పరిస్థితి వచ్చింది. యునెస్కో పిలుపుతో దేశాలు డబ్బు పోగుచేసి, 1964-68 మధ్య దాన్ని కోసి 65 మీటర్లు పైకి, సుమారు 200 మీటర్లు వెనక్కి తరలించాయి. పైనుంచి రాళ్లు దొర్లినా విగ్రహాలకు దెబ్బ తగలకుండా ముందే గుడి ముఖం మీద ఇసుక గుట్టగా పోశారు. ఇసుకరాయి పెళుసు కాబట్టి బీటల్లోకి రెసిన్ ఎక్కించాకే రంపం పెట్టారు. వెనకవైపు మర రంపాలు తిరిగినా చెక్కడాలున్న వైపు చేతి రంపాలే వాడారు. ఒక్కో దిమ్మె సగటు బరువు 20 టన్నులు. దిమ్మెలన్నిటికీ నంబర్లు వేసి తిరిగి పేర్చి, కాంక్రీట్ గుమ్మటం మీద కొత్త కొండను నిలబెట్టారు. అదే కాలంలో నాగార్జునసాగర్ కింద మునిగే నాగార్జునకొండ కట్టడాలు కొన్నిటిని కూడా ఇలాగే విప్పి కొండ మీదికి చేర్చారు.

చూడటానికి గుడి తరలింపు ఘనకార్యమే కానీ, అసలు కష్టం శవంతోనే. విరిగిన రాయిని అతికించవచ్చు, కుళ్లిన చర్మాన్ని అతికించలేం. 1881లో వెలుగులోకి వచ్చిన ఈ మమ్మీ నార చుట్లను 1886లో పురావస్తు శాస్త్రవేత్త మాస్పెరో పావుగంటలో విప్పేశాడు. ఆ తొందరపాటును ఈనాటి నిపుణులెవరూ ఒప్పుకోరు. ఇప్పుడు కట్టు విప్పకుండానే సీటీ స్కాన్‌తో లోపల చూస్తారు. గాలి, తేమ, సందర్శకుల శ్వాస తగిలే చోట కొన్ని దశాబ్దాలు గడిచేసరికి శవానికి బూజు పట్టింది. 1976లో దాన్ని పారిస్ తీసుకెళ్లారు. వేడి, రసాయనాలు కణజాలాన్ని చెడగొడతాయని పక్కనపెట్టి, 1977లో గామా కిరణాలతో శిలీంధ్రాలను చంపారు.

ఒకసారి శుద్ధి చేసినంత మాత్రాన పని తీరిపోదు. గాలి తగిలితే బూజు మళ్లీ వస్తుంది. అందుకే 2021లో కైరోలో 22 రాజ మమ్మీలను కొత్త మ్యూజియానికి తరలించినప్పుడు నైట్రోజన్ నింపిన పెట్టెల్లో ఉంచారు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీని కూడా ఆక్సిజన్ లేని అద్దాల పెట్టెలోనే కాపాడుతున్నారు.