అక్కుళ్ళు పండిన మళ్ళు

తణుకు నుండి ఏలూరు వైపు సాగువానికి దారి పొడవునను పచ్చని వరిచేలు కనబడును గాని, ఆ పచ్చదనములోని రకములు నేడు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. రెండు మూడు తరముల క్రిందట గోదావరి, కృష్ణా డెల్టాల గాదెలలో అక్కుళ్ళు, అత్రగడ, కృష్ణకాటుకలు, బంగారుతీగ, బాసంగి మున్నగునవి ఉండెడివి. మెరకకొకటి, పల్లమునకొకటి, కొల్లేటి అంచున నీరు నిలుచు చేలకు పొడుగు కాడతో మునుకకు తాళునది వేరొకటి. నేల తీరునెఱిగి రకమును ఎన్నుకొనుటయే ఆ సేద్యమునకు ఆధారము.

ఆ రకముల విత్తనమును ఏరుకొను విద్య గాదెలో గాక చేలోనే ఆరంభమగుచుండెను. పైరు పండుముఖము పట్టిన వేళ అనుభవజ్ఞుడైన రైతు చేలోనికి దిగి, ఎత్తునను, గింజ రంగునను, ఈనిక కాలమునను తేడాపడిన కేళీలను ముందుగా పెఱికివైచును. పిదప గట్టువార దుబ్బులను, ఎరువు కుప్ప పోసినచోట ఏపెక్కిన దుబ్బులను విడిచి, నడిచేలో ఒక్క తీరున పండిన వెన్నులనే విత్తనమునకు ఏరుకొనును. గట్టువార దుబ్బుకు గాలియు వెలుతురును హెచ్చు గనుక, దాని ఏపు చోటు వలన వచ్చినదే గాని విత్తనము వలన వచ్చినది కాదు. ఇంతటి సూక్ష్మవివేచనము ఏ కళాశాలయు నేర్పకయే తండ్రి నుండి కొడుకునకు సంక్రమించినదని తలచినపుడు నాకు గౌరవము కలుగును.

ఆ కట్టలను వేరుగా కళ్ళమునకు చేర్చి, బల్లకు కొట్టి, తొలి దెబ్బలకు రాలిన నిండు గింజలను మాత్రమే తీసెడివారు. పంటి క్రింద పుటుక్కుమనువఱకు ఎండబెట్టి, వేపాకుతో కుండలలో పోసి, మూతికి పేడ మెత్తుట ఇల్లాండ్ర వంతు. తొలకరికి ముందు పిడికెడు గింజలను తడిగుడ్డలో మూటగట్టి మొలక చూచి, ఆ పిమ్మటనే మండె కట్టి ఆకుమడిలో చల్లుదురు. వరద యొకరి విత్తనమును ముంచినచో పొరుగువారి గాదె నుండి నాగుకు వచ్చెడిది. అందుచేత ఏ రకమును ఒక్క ఇంటి సొత్తై నశింపలేదు.

1925లో మారుటేరున వరి పరిశోధన కేంద్రము వెలసినపుడు దాని తొలి కృషి ఈ నాటు రకముల నుండి మేలైన వరుసలను ఏరుటయే. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు ఐ.ఆర్.8 అను పొట్టి వరిని పండించిరి, 1982లో మారుటేరు కేంద్రము స్వర్ణ రకమును విడుదల చేసెను. ఈ పొట్టి పైరులు కోట్ల కడుపులు నింపిన మాట కాదనరానిది; పాత రకములు మళ్ళ నుండి తొలగిన మాటయు అంతే నిజము.

శీతల భాండాగారములలో కొన్ని గింజలు భద్రముగనే యున్నవి. కాని అచట నిదురించు గింజ, ఏటేటా మారుచున్న వానలకును, ఉప్పెక్కుచున్న నేలకును అలవడజాలదు; దానిని విత్తుచు ఏరుచు నుండు చేయి కావలెను. 2001 నాటి చట్టము రైతు తన విత్తనమును దాచుకొను, మార్పిడి చేసికొను హక్కునే గాక, తాను కాపాడిన రకమును నమోదు చేయించుకొను హక్కును కూడ ఒసగినది. తాడేపల్లిగూడెం మెరకలలోనో, కొల్లేటి పల్లములలోనో ఏ రైతింటనైనను ఇంకను పాత వడ్లు మిగిలియున్నచో, ఈ సార్వాలో అర ఎకరము వానికై విడువవలెనని నా ప్రార్థన.