పండూ పువ్వూ ఒకే సీసాలో

మా మేనకోడలికి ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఇంట్లో అందరికీ బట్టలు పెట్టి, తనకోసం ఒక బాడీ మిస్ట్ కొనుక్కుంటానంది. "అత్తా, నీ ముక్కు మీద నాకు నమ్మకం, నువ్వు రావాలి" అని మొన్న హైదరాబాద్‌లో ఒక మాల్‌కు లాక్కెళ్లింది. అక్కడ చూసింది ఈ వారం రాయకుండా ఉండలేను.

షాపులో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కానీ ఐదు నిమిషాలు తిరక్కుండానే మా పిల్ల రెండు చేతులూ మోచేతుల దాకా తడిసిపోయాయి. మల్లె-పీచ్ ఒకటి, దాని పక్కనే లీచీ-గులాబీ ఒకటి, వాటిమీద ఇంకేదో బెర్రీ. మధ్యమధ్యలో గాజు గిన్నెలో కాఫీ గింజలు ముక్కు దగ్గర పెట్టి, "వాసన చూడండి మేడమ్, ముక్కు ఫ్రెష్ అవుతుంది" అంటోంది. చివరికి తేల్చింది ఏమిటంటే, ఒకే వాసనలో స్నానానికి జెల్, ఒంటికి లోషన్, పైన మిస్ట్, ఈ మూడూ తీసుకుంటేనే లేయరింగ్, అంటే వాసన మీద వాసన వేయడం, కుదురుతుందట.

కాఫీ మీద నా అభిమానం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. అందుకే చెబుతున్నాను, అలసిన ముక్కును సేదతీర్చే గుణం కాఫీ గింజలకు లేదు. పరీక్ష పెట్టి చూస్తే మామూలు గాలి చేసిన పనికన్నా అవి ఎక్కువేమీ చేయలేదు. ముక్కు మొద్దుబారితే షాపు బయటికొచ్చి కాసేపు నిలబడాలి. లేదా ఏమీ పూయని మన మోచేతి మడతనో, ఉతికిన చున్నీనో వాసన చూసుకోవాలి.

అసలు కష్టం ఇంకొకటి. ఫ్రూటీ ఫ్లోరల్ అని అమ్మే సీసాల్లో పండు వాసన మొదట లేస్తుంది. పండ్ల వాసనిచ్చే అణువులు చాలావరకు చిన్నవి, తేలికైనవి. చర్మం వేడికి ముందుగా ఎగిరిపోయేవి అవే. ఆ తర్వాత పువ్వు బయటపడుతుంది. గంటా రెండు గంటలకు మిగిలేది అడుగున ఉన్న కస్తూరో, వెనిలానో, చందనమో. మనం ఎక్కువసేపు మోయాల్సింది ఆ పువ్వునీ ఆ అడుగునీ అయితే, అమ్మకం మాత్రం మొదటి నిమిషంలోని పండు మీదే జరిగిపోతుంది. కాబట్టి ఒక మణికట్టుకు ఒకటి, రెండో మణికట్టుకు ఇంకొకటి, అంతకుమించి వేయనివ్వకండి. వేయించుకుని భోజనానికి వెళ్లిపోండి. చేయి కడిగినా మణికట్టు తడపకుండా చూసుకుని, తిరిగొచ్చాక ఏది బాగుంటే అది కొనండి. మేమూ అదే చేశాం.

భోజనం దగ్గర మేనకోడలు నన్ను నిలదీసింది. "పండు తినడానికి, పువ్వు పెట్టుకోవడానికి అని నువ్వే కదా ఎప్పుడూ రాస్తావు. మరి పండు వాసన ఒంటికి పూసుకోవచ్చా?" నిజమే, ఆ మాట నేను చాలాసార్లు రాశాను. సబ్బులో స్ట్రాబెర్రీ, నేల తుడిచే నీళ్లలో నిమ్మకాయ, టాయిలెట్‌లో ఆపిల్ చూసి విసిగి రాశాను. పైగా సీసాల్లోని పండ్ల వాసన చాలావరకు పండ్లనుంచి రాదు. నిమ్మ, నారింజ జాతి తొక్కల్లో నూనె ఉంటుంది, పిండితే వస్తుంది. పీచ్‌నో, పియర్‌నో, లీచీనో ఎంత పిండినా సెంటుకు పనికొచ్చే నూనె రాదు. ఆ వాసనలన్నీ ప్రయోగశాలలో కట్టినవే. 1919లో పారిస్‌లో జాక్ గెర్లాన్ 'మిట్సుకో' అనే సెంటు చేసినప్పుడు అందులో పీచ్ వాసన వచ్చింది కూడా పీచ్ పండు నుంచి కాదు, లాక్టోన్ అనే ఒక రసాయనం నుంచి. ఈ సంగతులన్నీ చెప్పి, పూల వాసన ఒక్కటే తీసుకోవే అందామనుకున్నాను. కానీ నోరు తెరిచేసరికి మనోరంజితం గుర్తొచ్చింది.

కడియం దగ్గర మా మేనత్త వాళ్ల పెరట్లో, నూతి గట్టు పక్కన, పందిరి మీదికి పాకించిన మనోరంజితం ఉండేది. ఆ మొక్కను చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. అది సీతాఫలం కుటుంబానికి చెందింది. పూర్తిగా తీగా కాదు, చెట్టూ కాదు. పూకాడలే కొక్కేల్లా వంగి దొరికిన కొమ్మను పట్టుకుని పైకి పాకుతుంది. పువ్వుకు దళసరి రెక్కలు ఆరు. విచ్చినప్పుడు ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది, కళ్లముందున్నా కనపడదు, పెద్దగా వాసనా రాదు. పండినకొద్దీ పసుపు తిరుగుతుంది. అప్పుడు ఇక వెతకక్కర్లేదు, వాసనే మనల్ని పిలుస్తుంది. ఆ వాసన పూల వాసన కాదు, బాగా ముగ్గిన పండు వాసన.

ఏ పండు అన్నదే మా పిల్లల తగాదా. మనసులో ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వస్తుందని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. మామిడి అని ఒకరు, పనస అని ఒకరు, అరటి అని ఒకరు, ఎవరి పండు వాళ్లకు వచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే దానిలో మాయేమీ లేదు. పండిన పండ్లలో ఉండే ఎస్టర్లు అనే రసాయనాలే ఆ పువ్వులోనూ ఉంటాయి. అరటి, అనాస, ఆపిల్, అన్నిటికీ చెందిన ఒకే కుటుంబం అది. ముక్కు దాన్ని పట్టుకుంటుంది, పేరు మాత్రం మనసు పెడుతుంది. మా మేనత్త పండిన పువ్వును రుమాలు మూలకు ముడేసి ఇచ్చేది. బడిలో పుస్తకాల సంచి తెరిస్తే బెంచీ అంతా తెలిసిపోయేది. ఎండిపోయాక కూడా పారేసేది కాదు, బీరువాలో పట్టుచీరల మడతల్లో పెట్టేది. ఆ వాసనకు పాములొస్తాయి, మొక్కను కొట్టించేయమని పక్కింటివాళ్లు పోరేవాళ్లు. "రానీండి, వాటికీ ముక్కుందిగా" అనేది.

ఆ పువ్వును పెట్టుకుని పెరిగినదాన్ని నేను, పండూ పువ్వూ కలవకూడదని ఎలా అంటాను? మల్లెపువ్వునే తీసుకోండి. దానిలో బెంజైల్ ఎసిటేట్ ఉంటుంది, దాన్ని విడిగా వాసన చూస్తే పియర్, అరటి పండ్లు గుర్తొస్తాయి. మిథైల్ ఆంథ్రనిలేట్ కూడా కొంచెం ఉంటుంది. ద్రాక్షపండు చాక్లెట్ నోట్లో వేసుకుంటే వచ్చే ఘుమఘుమ దానిదే. లీచీలోనూ గులాబీలోనూ రోజ్ ఆక్సైడ్ అనే ఒకే అణువు ఉంది. అంటే లీచీ-గులాబీ అని సీసా మీద రాసినవాళ్లు రెండు వేర్వేరు వాసనలను బలవంతంగా ముడిపెట్టలేదు. ఆ చుట్టరికం ప్రకృతిలో ముందే ఉంది. ప్రయోగశాలలో కట్టినంత మాత్రాన అది దొంగ వాసన అయిపోదు.

ఇక లేయరింగ్. ఒక ఒంటికి ఒకే వాసన అని నేను పట్టుబట్టేదాన్ని. కానీ మేనత్త ఆదివారం తలంటి చూడండి. సీకాయతో తల రుద్దుకుని, తడి జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టేది. సాన మీద గంధం అరగదీసి మెడకు రాసుకునేది. వట్టివేళ్లు వేసిన పెట్టెలోంచి చీర తీసి కట్టుకునేది. చివరగా జడలో మనోరంజితం. సీకాయను వదిలేస్తే నాలుగు వాసనలు, ఒకదానితో ఒకటి పోట్లాడేవి కావు. ఎందుకంటే బరువైనవి అడుగున, తేలికైనది పైన. కనౌజ్‌లో పాత పద్ధతిలో అత్తరు తీసేవాళ్లూ ఇదే చేస్తారు. డేగ్ అనే రాగి పాత్రలో పూలు మరిగించి, ఆ ఆవిరిని చందన నూనె ఉన్న పాత్రలోకి పంపిస్తారు. ఎగిరిపోయే పువ్వును చందనం పట్టి ఉంచుతుంది.

అందుకే షాపు అమ్మాయి చెప్పిన మూడు సీసాల సెట్టు నాకు నచ్చలేదు. ఒకే వాసనను మూడుసార్లు పూస్తే ఘాటు పెరుగుతుంది, అంతే. లేయరింగ్ అంటే కింద ఉన్నది పైదాన్ని నిలబెట్టాలి. మిస్ట్‌లో సుగంధం ఉండేది సాధారణంగా నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు. మిగతాది చాలావరకు ఆల్కహాలూ నీళ్లూ. పొడి చర్మం మీద అది త్వరగా మాయమవుతుంది. స్నానం కాగానే వాసన లేని క్రీమో, రెండు చుక్కల కొబ్బరినూనో రాసుకుంటే చాలాసేపు ఉంటుంది. గులాబీ, పీచ్ రకాల కింద చందనం బాగుంటుంది. పియర్, ఆపిల్ రకాల కింద వట్టివేరు. వెనిలా మీద తియ్యటి పండు వేస్తే మన ఎండల్లో తల పట్టేస్తుంది. జడలో నిజమైన మల్లెలు ఉన్నరోజు మిస్టే వద్దు, ఈ ఒక్క పట్టుదల మాత్రం నేను వదలను.

మా పిల్ల చివరికి లీచీ-గులాబీ సీసా ఒక్కటే కొన్నది. భోజనానికి ముందు రెండు మణికట్లలో తక్కువ ఆకట్టుకున్నది అదే. మధ్యాహ్నానికి మిగిలి, ముద్దుగా ఉన్నదీ అదే. అక్కణ్నుంచి చార్మినార్ దగ్గరికెళ్లి చిన్న సీసాడు చందనం అత్తరు తీసుకున్నాం. రోజూ చెవుల వెనక అత్తరు ఒక్క చుక్క, పైన మిస్ట్ మెడకూ చేతులకూ. ఇంతకన్నా మంచి జత ఈ మధ్య నా ముక్కుకు తగల్లేదు.

వేసుకునేవాళ్లకు కొన్ని మాటలు. పట్టుచీర మీద కొట్టకండి, మరక పడుతుంది. ముత్యాలు పెట్టుకోకముందే వేసుకుని ఆరనివ్వండి, ఆల్కహాలుకు వాటి మెరుపు పోతుంది. దేవుడి దీపం దగ్గరా, పొయ్యి దగ్గరా అసలు వద్దు, అది మండే ద్రవం. ఇంట్లోనే వేసుకుని బయల్దేరండి. ఏసీ బస్సులో, లిఫ్టులో, ఆసుపత్రి వార్డులో సీసా బయటికి తీయకండి. పక్కన ఉబ్బసంతో బాధపడేవాళ్లు ఉండవచ్చు, వాళ్లు అక్కణ్నుంచి లేచి వెళ్లలేరు.