18 గంటలు ఎవరివి?

పిండి పిసకకుండా చేసే జిమ్ లేహీ బ్రెడ్ గురించి మార్క్ బిట్‌మన్ 2006 నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. మూడు కప్పుల పిండి, పావు టీస్పూన్ ఈస్ట్, ఉప్పు, నీళ్లు. కలిపి 12 నుంచి 18 గంటలు వదిలేయాలి. తర్వాత మడిచి, ఇంకో రెండు గంటలుంచి, ఓవెన్లో బాగా కాగిన క్యాస్ట్ ఐరన్ గిన్నెలో వేసి మూత పెట్టాలి.

వంట రెసిపీకి సమీక్షేంటి అనకండి, ఇదీ రచనే. అందులో నాకు నచ్చింది ఆ మూత. బేకరీ ఓవెన్లకి ఆవిరి పంపే ఏర్పాటుంటుంది. ఇంట్లో ఆ పని బరువైన మూత చేస్తుంది. పిండిలోంచి వచ్చే ఆవిరి లోపలే ఉండి, పైపొర త్వరగా గట్టిపడదు, బ్రెడ్ పొంగుతుంది. అరగంటయ్యాక మూత తీస్తే పైన కరకరలాడుతుంది. ఇంత పొదుపు మన కథల్లోనూ అరుదు.

నేను బోల్తా పడింది అంకె దగ్గర. హైదరాబాదులో, మే నెలలో, 18 గంటలూ లెక్కపెట్టి ఉంచా. తీరా చూస్తే పుల్లటి జావ! ఆ గంటలు దాదాపు 21 డిగ్రీల గదివని అక్కడే రాసుంది. పైన బుడగలు రావాలన్న గుర్తూ ఉంది. కోడ్‌లో ప్రతి షరతూ చూసేవాణ్ణి, ఇక్కడ అంకె చూసి ఆగిపోయా.

నా ఫిర్యాదల్లా ఒకటే. ‘పిసకక్కర్లేదు’ అన్న మాట ఊరంతా పాకింది, ‘చూస్తూ ఉండాలి’ అన్నది పాకలేదు. దోసెల పిండిని అమ్మ ఎప్పుడూ గడియారంతో కొలవలేదు.

మొన్న 8 గంటల్లోనే బుడగలొచ్చాయి. కాల్చేశా. అమ్మ ముక్క తుంచి నోట్లో వేసుకుని, “పులుపు సరిపోయిందిరా” అంది.